ఎసెన్ ఆటల మేళా: డబ్బులు పెడితే ఆట వస్తుంది, కుర్చీ దొరకడమే కష్టం

సంధానకర్త: నమస్కారం. జర్మనీలోని ఎసెన్ నగరంలో ఏటా అక్టోబరులో జరిగే 'ష్పీల్' బోర్డ్ గేమ్స్ మేళా గురించి ఈరోజు మాట్లాడుకుందాం. 1983లో మొదలైన మేళా ఇది. 2024లో నాలుగు రోజుల్లో 2,04,000 మంది వచ్చారు, టికెట్లు ముందే అయిపోయాయి. డ్యూసెల్‌డార్ఫ్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉద్యోగాలు చేసే మనవాళ్లు, హైదరాబాదు నుంచి వెళ్లాలనుకునేవాళ్లు అడుగుతున్నవే అడుగుతాను. స్టాళ్లలో ఆటలు నేర్పే డెమో ట్రైనర్, ఒక గేమ్ డిజైనర్, బోర్డ్ గేమ్స్ దుకాణం నడిపే వ్యాపారి మనతో ఉన్నారు. మేడమ్, మీతో మొదలుపెడదాం. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కడ దెబ్బతింటారు?

డెమో ట్రైనర్: కొనాల్సినవాటి జాబితా రాసుకొస్తారండి, ఆడాల్సినవాటి జాబితా రాసుకోరు. అక్కడే దెబ్బ. 900కు పైగా సంస్థలు స్టాళ్లు పెడతాయి. డబ్బులుంటే చాలా ఆటలు తర్వాతైనా తెప్పించుకోవచ్చు. టేబుల్ దగ్గర కుర్చీ అలా దొరకదు. లెక్క వేసి చూడండి. ఒక స్టాల్లో నాలుగు టేబుళ్లు, టేబుల్‌కి నలుగురు, నేర్పడానికి 15 నిమిషాలు, ఆడటానికి 45. గంటకు 16 మంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 7 దాకా ఒక్క నిమిషం ఖాళీ లేకుండా నడిపినా రోజుకు 144 మందే. పేరు మోగిన కొత్త ఆటకు వచ్చేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు.

సంధానకర్త: మరి కుర్చీ దొరికే దారి?

డెమో ట్రైనర్: తలుపులు తీయగానే ఒక్క ఆట దగ్గరికే వెళ్లాలి. మీకు అన్నిటికంటే ఇష్టమైనదాని దగ్గరికి. అది అయ్యాక చిన్న ప్రచురణకర్తల హాళ్లకు వెళ్లండి. అక్కడ ఆట తయారుచేసిన మనిషే కూర్చోబెట్టి నేర్పుతాడు. సాయంత్రం 5 తర్వాత పిల్లలతో వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, పెద్ద స్టాళ్లలోనూ టేబుళ్లు ఖాళీ అవుతాయి. కానీ 6 దాటాక రెండు గంటల ఆట మొదలుపెట్టకూడదు, 7కి లేపేస్తారు. ఆదివారం 6కే మూసేస్తారు. ఇంకొకటి, ఆరుగురు కలిసి తిరిగితే ఎక్కడా చోటు దొరకదు. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఇద్దరున్న టేబుల్లో ఇంకో ఇద్దరిని మేమే పిలిచి కూర్చోబెడతాం.

దుకాణదారు: నిలబడి ఎదురుచూసే పద్ధతి కూడా చెప్పండి మేడమ్. గంటల కొద్దీ ఊరికే నిలబడేవాళ్లు కనిపిస్తుంటారు.

డెమో ట్రైనర్: నిలబడేముందు నేర్పేవాళ్లను ఒక్క మాట అడగాలి, 'ఈ ఆట ఎన్నో రౌండులో ఉంది, మొత్తం ఎన్ని రౌండ్లు?' అని. 'మాకంటే ముందు ఎవరైనా ఆగి ఉన్నారా?' అని కూడా. వరుస కనబడకపోయినా మా దగ్గర చీటీ మీద పేర్లు ఉండొచ్చు. భాష కూడా ముందే అడగాలి. టేబుల్లో మిగతావాళ్లు జర్మన్లైతే జర్మన్‌లోనే చెప్పేస్తాం. ముందే చెబితే ఇంగ్లిష్ టేబుల్ కుదురుస్తాం. హాల్లో హోరు భరించలేనంతగా ఉంటుంది, చెప్పేవాళ్ల పక్క కుర్చీలోనే కూర్చోండి. ఎదురుగా ఉన్నవాళ్లకు సగం నియమాలు వినబడవు, మూడో రౌండులో గొడవ అక్కడే మొదలవుతుంది. చాలామంది ప్రచురణకర్తలు రూల్‌బుక్ ముందే నెట్‌లో పెడతారు. ముందురోజు రాత్రి అది ఓసారి తిరగేసి వచ్చినవాళ్లకు 15 నిమిషాల పాఠం ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

సంధానకర్త: సర్, ఆడాకే కొనాలన్నది మేడమ్ మాట. మీరు ఒప్పుకుంటారా?

దుకాణదారు: పూర్తిగా ఒప్పుకోనండి. కొన్ని ఆటలు మేళా మొదలయ్యే గురువారం పొద్దునే కొనకపోతే ఇక కనబడవు. బోర్డ్ గేమ్స్‌లో చాలాభాగం చైనాలో అచ్చవుతాయి, ఓడలో కంటైనర్లలో వస్తాయి. ఓడ ఆలస్యమైతే ప్రచురణకర్త విమానంలో కొన్ని పెట్టెలే తెప్పించుకుంటాడు. విమానం ఖర్చుకు అంతకంటే తేలేడు. అవి మధ్యాహ్నానికే అయిపోతాయి. అందుకే ముందే డబ్బు కట్టి స్టాల్లో తీసుకునే ప్రీ ఆర్డర్ ఉంటే అది పెట్టుకోవడం మేలు. రసీదు కాగితం మీద ప్రింట్ తీసుకోండి, జనం కిక్కిరిసిన హాల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. మేళా మ్యాపు కూడా బయటే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

డెమో ట్రైనర్: అలా ఆత్రంగా కొన్న ఆటలే సీలు విప్పకుండా అలమరలో ఉండిపోతాయి సర్. ఇంట్లో నలుగురు కూర్చునే వీలు లేనివాళ్లు మూడు గంటల ఆట కొంటారు.

దుకాణదారు: ఆ మాట నిజమే. అందుకే గురువారం రెండు, మహా అయితే మూడు. మిగతావి ఆడి చూశాకే. ఆదివారం ధర తగ్గుతుందని చాలామంది ఆగుతారు. తిరిగి మోసుకెళ్లడం ఇష్టంలేక తగ్గించేవాళ్లు ఉన్నారు, కానీ తగ్గేది మిగిలిపోయిన పాత సరుకు మీద. చిన్న స్టాళ్లలో కార్డు మిషన్ లేకపోవచ్చు, 10, 20 యూరోల నోట్లు ఉంచుకోవాలి. డబ్బు ఇచ్చేముందు పెట్టె పక్కనున్న భాష గుర్తు చూడండి. ఒకే బొమ్మతో జర్మన్ ఎడిషన్, ఇంగ్లిష్ ఎడిషన్ పక్కపక్కనే పేర్చి ఉంటాయి.

సంధానకర్త: డిజైనర్ గారూ, డెమోలో ఆట నచ్చితే ఇంట్లోనూ నచ్చుతుందా?

డిజైనర్: డెమోలో సాధారణంగా ఆడించేది మొదటి రెండు మూడు రౌండ్లు. అవి బాగుండేలా చేయడం ఏ డిజైనర్‌కైనా తెలుసు. చేతినిండా కార్డులుంటాయి, ఎటు చూసినా దారి తెరిచే ఉంటుంది. లోపం బయటపడేది చివరి పావువంతులో. ముందున్నవాడు ఎలాగూ గెలుస్తాడని తేలిపోయాక మిగతావాళ్లు ఊరికే కూర్చోవాల్సి వస్తుందా? ఒకరి వంతుకు ఇంకొకరు పది నిమిషాలు ఆగాలా? ఇవి అడగండి. ఇద్దరితో ఆడితే నియమాలు మారతాయా అని కూడా అడగండి. నలుగురికి అద్భుతంగా ఉండి ఇద్దరికి చప్పగా ఉండే ఆటలు చాలా ఉన్నాయి. డిజైనర్ స్టాల్లోనే ఉంటే నేరుగా అతన్నే అడగొచ్చు, ఈ మేళా గొప్పతనమే అది. 1988లో న్యూరెంబర్గ్‌లో కొందరు జర్మన్ డిజైనర్లు, పెట్టె మీద మా పేరు వేయకపోతే ఆట ఇవ్వం అని బీరు గ్లాసు కింది అట్ట మీద రాసి సంతకాలు పెట్టారు. ఇవాళ పెట్టె మీద పేరు చూసి ఆట కొనే అలవాటు వెనక ఆ పట్టుదల ఉంది.

సంధానకర్త: మన కుర్రాళ్లు సొంత ఆటతో వెళ్తే ప్రచురణకర్తలు చూస్తారా?

డిజైనర్: చూస్తారు, స్టాల్ దగ్గరికి వెళ్లి నిలబడితే మాత్రం చూడరు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మెయిల్ పెట్టాలి. ఒక్క పేజీ చాలు. ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఏ వయసు, పెట్టెలో ఏమేం ఉంటాయి, మిగతావాటికంటే తేడా ఏమిటి. అరగంట సమయం ఇస్తారు. అందులో మూడు నిమిషాల్లో ఆట చెప్పేసి నేరుగా ఆడించాలి. ఆటను మొదట్నుంచి కాకుండా నడుమ నుంచి పరిచి ఉంచితే అసలు పట్టు వెంటనే కనబడుతుంది. కళాకారుడికి డబ్బిచ్చి బొమ్మలు వేయించక్కర్లేదు, అచ్చు వేసేటప్పుడు వాళ్లే మార్చుకుంటారు. నమూనా రెండు సెట్లు తీసుకెళ్లాలి. నచ్చితే ఒకటి ఉంచుకుంటామంటారు, మరుసటి గంటకు ఇంకో ప్రచురణకర్త ఉంటాడు. పులిజూదం, అష్టాచెమ్మా ఆధారంగా చేస్తే పాత ఆటలోంచి ఏం తీసుకున్నారో, మీరేం కలిపారో విడివిడిగా చెప్పాలి. సంప్రదాయ ఆట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, వాళ్లు డబ్బిచ్చేది మీరు కలిపినదానికి.

సంధానకర్త: బస, తిండి సంగతులు?

దుకాణదారు: మేళా రోజుల్లో ఎసెన్‌లో గదులు దొరకడం కష్టం. బోఖుమ్, డ్యూస్‌బర్గ్, డ్యూసెల్‌డార్ఫ్‌లలో దిగి రైల్లో రావచ్చు. ఎసెన్ ప్రధాన స్టేషన్ నుంచి యూ11 నగర రైలు ఎక్కితే కొద్ది నిమిషాల్లో మేళా ప్రాంగణం వస్తుంది. దానికి రెండు స్టేషన్లున్నాయి, మీ హాలు ఏ వైపో చూసుకుని దిగండి. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా, 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు.

డెమో ట్రైనర్: తిండి విషయంలో ఒక్క జాగ్రత్త. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చేవాళ్లు సామానులో పాలు, మాంసం కలిసినవి తేకూడదు. నేతి సున్నుండలు, పూతరేకులు, మజ్జిగ మిరపకాయలు ఇంట్లోనే వదిలేయండి. నూనె చెక్కలు, వేరుశనగ పట్టీ పనికొస్తాయి. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, రొట్టె, పళ్లు శనివారం రాత్రే కొనుక్కోవాలి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా తిండి క్యూలు పెద్దవి. 11.30కే తినేసి, జనం తినే వేళకు టేబుళ్లు వెతుక్కోండి. మూసిన హాళ్లు, వేలమంది ముట్టుకున్న కార్డులు, నిద్రలేమి. ఇంటికెళ్లాక జలుబు, జ్వరం వచ్చేది వీటివల్లే. ప్రతి ఆట తర్వాత చేతులు కడగాలి, మాస్కు పెట్టుకోవడానికి మొహమాటపడకండి.

సంధానకర్త: చివరగా, కొన్న పెట్టెలు ఇంటికి చేర్చడం?

దుకాణదారు: మామూలు పెట్టె 30 సెంటీమీటర్ల చదరం, 7 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 2 కిలోలు. విమానంలో 23 కిలోల పరిమితి ఉంటే, సూట్‌కేసు బరువు 4 కిలోలు పోను, బట్టలు లేకుండా తొమ్మిది పెట్టెలు. గ్లూమ్‌హేవెన్ లాంటి భారీ ఆటైతే ఒక్క పెట్టే పది కిలోల దాకా. తగ్గించే పద్ధతి ఉంది. గదిలోనే సీలు విప్పి, అట్టల్లోంచి టోకెన్లు, అంటే ఆటలో వాడే చిన్న బిళ్లలు, ఊడదీసి జిప్ కవర్లలో వేసి, మిగిలిన అట్ట చట్రాలు అక్కడే పారేయండి. టోకెన్ ఊడిరాకపోతే గట్టిగా లాగొద్దు, అచ్చు పొర చిరుగుతుంది. బ్లేడు మొనతో అంచు చుట్టూ గీసి తోయండి. లోపలి ప్లాస్టిక్ ట్రే తీసేస్తే పెద్ద పెట్టెలో రెండు చిన్న ఆటలు పడతాయి. మూతకు అడ్డంగా, నిలువుగా వెడల్పు రబ్బరు బ్యాండ్లు వేసి, మూలలకు బట్టలు కుక్కాలి. పెట్టె నలిగేది మూలల్లోనే.

అయితే పన్ను వాపసు కావాలనుకుంటే ఆ పెట్టెలు విప్పకండి. ఐరోపా సమాఖ్య బయట నివసించేవాళ్లకు, బిల్లు 50 యూరోలు దాటితే, ఎగుమతి ఫారం ఇచ్చే స్టాళ్లలో 19 శాతం పన్ను వెనక్కి వచ్చే వీలుంది. విమానాశ్రయంలో సూట్‌కేసు చెక్-ఇన్‌లో వేయకముందే కస్టమ్స్‌కు సరుకు చూపించి ముద్ర వేయించాలి. వాడిన సరుకులా కనబడితే ముద్ర పడకపోవచ్చు. కాబట్టి ఖరీదైనవి సీలుతో, మిగతావి విప్పి సర్దాలి. బిల్లులన్నీ దాచండి, హైదరాబాదులో దిగాక మన కస్టమ్స్‌కూ అవే చూపాలి. విప్పినవాటిలో ముక్కలు అదే రాత్రి రూల్‌బుక్ జాబితాతో సరిచూసుకోండి. ఏదైనా తగ్గితే మర్నాడు పొద్దున్నే స్టాల్‌కి తీసుకెళ్తే, వాళ్ల దగ్గర విడి ముక్కలుంటే చేతికిచ్చి పంపుతారు. అదే ఇంటికొచ్చాక చూసుకుంటే మెయిల్ పెట్టి, పోస్టు కోసం వారాల తరబడి ఎదురుచూడాలి.