వాలుగ దవడ, గూడబాతు గొంతు: ఒక క్రీచర్ బస్టును కంప్యూటర్‌లో చెక్కడం

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు సినిమా తరహా క్రీచర్ ఒకదాన్ని ఛాతీ వరకు, అంటే బస్టుగా, కంప్యూటర్‌లో చెక్కుదాం. చివరికి అది రెసిన్ ప్రింటర్‌లోంచి, అంటే ద్రవ ప్లాస్టిక్‌ను వెలుగుతో పొరలు పొరలుగా గట్టిపరిచే యంత్రంలోంచి, బయటికి వచ్చి ఎవరి అల్మరాలోనో నిలబడాలి. కాబట్టి తెర మీద బాగుంటే సరిపోదు. సినిమాలో ఆ ప్రాణికి ఛాయాగ్రాహకుడు దీపాలు అమరుస్తాడు, పొగ వదులుతారు, రెండు క్షణాలు చూపించి తప్పిస్తారు. మన బొమ్మకు ఆ అదృష్టం లేదు. కొనుక్కున్న మనిషి దాన్ని ట్యూబులైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూస్తాడు. తల వెనక భాగం కూడా వదలడు.

ఏ క్రీచర్‌ను చేద్దాం? పేరున్న సినిమాలోని ప్రాణిని సాధన కోసం ఇంట్లో చెక్కుకోవడం వేరు, దాని ప్రతులు అమ్మడం వేరు. ఆ రూపం మీద హక్కు ఉన్నవాళ్ల అనుమతి లేకుండా అమ్మితే 1957 నాటి కాపీరైటు చట్టం అడ్డొస్తుంది. అభిమానంతో చేశానంటే అక్కడ చెల్లదు. అందుకే మనం సొంత ప్రాణిని పుట్టిద్దాం. వంశధార మడుగుల్లో బతికే, మనిషంత ఒడ్డూ పొడుగూ ఉన్న జలజీవి.

[తెర మీద: వాలుగ చేప తల, పక్క నుంచి]

నమూనాల కోసం ఇంటర్నెట్‌లో ఇతరుల క్రీచర్ బొమ్మలు పోగు చెయ్యకండి. వాళ్లు ఇంకెవరి బొమ్మనో చూసి చేసి ఉంటారు, మీరు వాళ్లను చూసి చేస్తారు, చివరికి అన్ని ముఖాలూ ఒకేలా తయారవుతాయి. చేపల బజారుకు వెళ్లండి. వాలుగను చూడండి. నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది. పళ్లు పెద్ద కోరలు కావు, సన్నగా, ఒత్తుగా, వరుసల మీద వరుసలు. పొందూరు ఖాదీ వడికేవాళ్లు పత్తిని దువ్వడానికి ఈ చేప దవడనే వాడతారు. పత్తి పోగును తెంపకుండా దువ్వగలిగేంత సన్నని పళ్లు ఒక పెద్ద నోట్లో ఉంటే ఎంత భయంగా ఉంటుందో ఆలోచించండి. కోరలు పెట్టిన రాక్షసుడిని అందరూ చూశారు. ఇది కొత్తది.

గొంతుకు ఇంకో నమూనా ఉంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు వస్తాయి, వాటినే పెలికాన్లు అంటాం. ముక్కు కింద వేలాడే సంచి చర్మాన్ని ఫొటోలు తీసి పెట్టుకోండి. సంచి నిండినప్పుడు ఒకలా, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. మనకు ఖాళీ సంచి కావాలి, ముడతలు ఎటు పరిగెత్తుతున్నాయో దానిలోనే తెలుస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. ఈ రంగంలో ఎక్కువ మంది వాడేది జీబ్రష్, డబ్బు కట్టాలి. నేను బ్లెండర్‌లో చూపిస్తున్నాను, అది ఉచితం, ఈ పనికి చాలు. పెన్ను టాబ్లెట్ మాత్రం ఉండాలి. ఒత్తిడిని గుర్తించే చిన్నదైనా ఫరవాలేదు. మౌసుతో చెక్కితే ప్రతి గీతా ఒకే లోతున పడుతుంది.

[తెర మీద: సీన్ ప్రాపర్టీస్, యూనిట్స్]

కొలతలు ముందే పెట్టండి. యూనిట్స్ దగ్గర పొడవుకు మిల్లీమీటర్లు ఎంచుకుని, యూనిట్ స్కేల్ 0.001 చెయ్యండి. మన బస్టు 1/4 స్కేలు. మనిషి తల గడ్డం నుంచి నడినెత్తి దాకా సుమారు 23 సెంటీమీటర్లు, నాలుగో వంతు అంటే దాదాపు 6. మన జీవిది పెద్ద తల కాబట్టి 8 అనుకుందాం. ఛాతీ, దిమ్మ కలిపి మొత్తం 15 సెంటీమీటర్లు. చెక్కేటప్పుడు పక్కన 150 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక పెట్టెను నిలబెట్టి ఉంచండి. తెర మీద దగ్గరికి లాక్కుని చూస్తుంటే కొండంత కనిపించే ముక్కు నిజానికి మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆ పెట్టె పక్కనే ఉంటే ఆ సంగతి మరిచిపోరు.

ఇంకో రెండు అమరికలు. చూపు కోణానికి ఫోకల్ లెంగ్త్ మామూలుగా 50 ఉంటుంది, దాన్ని 90 దాకా పెంచండి. లేకపోతే ముక్కు ముందుకు ఉబ్బి, చెవుల వైపు కుంచించుకుపోయిన ముఖాన్ని మీరు సరైనదనుకుని చెక్కేస్తారు. రెండోది క్యావిటీ. అది ఆన్‌లో ఉంటే ప్రతి గాడికీ నలుపు, ప్రతి అంచుకూ తెలుపు పూసి చూపిస్తుంది. చాలా అందంగా ఉంటుంది, పూర్తిగా అబద్ధం. ప్రింటర్‌కు ఆ నలుపు తెలియదు. ఆపేయండి.

ఇప్పుడు పుర్రె. అవును, చర్మం కాదు, పుర్రె. 1979లో వచ్చిన ఏలియన్ సినిమా ప్రాణి తలను తయారుచేసినప్పుడు స్విస్ కళాకారుడు హెచ్.ఆర్. గీగర్ దాని ముందుభాగంలో నిజమైన మనిషి పుర్రెను వాడారు. కళ్లే లేనట్టుండే ఆ ముఖం మనల్ని కలవరపెడుతుందంటే, నున్నటి పైకప్పు కింద మనకు తెలిసిన ఎముక ఉండటం ఒక కారణమని నా అభిప్రాయం.

[తెర మీద: గోళం, ఎక్స్ సిమెట్రీ ఆన్]

ఒక గోళంతో మొదలుపెట్టండి. సిమెట్రీ ఆన్‌లో ఉంటే ఒక వైపు చెక్కింది రెండో వైపూ పడుతుంది. గ్రాబ్ బ్రష్ పెద్దది చేసి కపాలాన్ని వెనక్కి సాగదీయండి. దవడకు వేరే గోళం. ఇక్కడ తొందరపడకండి, ఈ బొమ్మ బతికేదీ చచ్చేదీ దవడ కీలు దగ్గరే. మనిషికి కీలు చెవి ముందు ఉంటుంది. మన జీవికి నోటి చీలిక కన్ను దాటి పోవాలి కాబట్టి కీలు ఇంకా వెనక్కి, మెడ మొదలయ్యే చోటికి జరగాలి. కీలు వెనక్కి వెళ్తే దవడను మూసే కండరమూ వెనక్కి వెళ్తుంది, దానికి చోటు కావాలి. అప్పుడు కణతల వెనక తల ఉబ్బుతుంది, మెడ వెడల్పవుతుంది. చూశారా, ఒక్క నోటిని మారిస్తే మెడ వరకూ మారింది. మనిషి ముఖానికి పెద్ద నోరు అతికించినట్టు కనిపించే క్రీచర్లు ఎన్నో ఉన్నాయి. వాటిని చేసినవాళ్లు ఈ లెక్క వెయ్యలేదు. నోరు తెరిస్తే కింది దవడ ఎక్కడికి పోతుందో అడగండి, జవాబు ఉండదు.

ముక్కలను ఒకటిగా కలిపి కంట్రోల్, ఆర్ నొక్కితే వోక్సెల్ రీమెష్ జరుగుతుంది, అంటే బొమ్మ పైభాగమంతా ఒకే పరిమాణం ఉన్న చిన్న గళ్లుగా మళ్లీ అల్లుకుంటుంది. మొదట వోక్సెల్ పరిమాణం 2 మిల్లీమీటర్లు. అంత మోటుగా ఉండటం మేలే, ముడతలు గీయాలన్నా గీయలేరు. క్లే స్ట్రిప్స్‌తో కండరాలు పరచండి, షిఫ్ట్ పట్టుకుని నునుపు చెయ్యండి. ఆకారం కుదిరాక 1కి, ఆ తర్వాత అర మిల్లీమీటరుకు, చర్మం గీతల దశకు వచ్చాక ఇంకా చిన్నదానికి దిగండి.

మధ్య మధ్యలో ఒక పరీక్ష. వ్యూపోర్ట్‌లో లైటింగ్ ఫ్లాట్ చేసి, రంగు నలుపు ఒక్కటే పెట్టి బొమ్మను నెమ్మదిగా తిప్పండి. నల్లటి నీడలాంటి ఆకారం మాత్రమే మిగులుతుంది. ముందు నుంచి, పక్క నుంచి, ముప్పావు కోణం నుంచి, వెనక నుంచి ఏదో ఒక విశేషం కనిపించాలి. వెనక నుంచి గుడ్డులా ఉంటే మెడ మీద ఒక రెక్కో మొప్పల చీలికో రావాల్సిందే. బొమ్మ కొన్నవాడు వెనక్కి తిప్పుతాడని చెప్పాను కదా.

కళ్లు. మనిషి కనుగుడ్డు 24 మిల్లీమీటర్లు, 1/4లో 6. వేరే గోళాలుగా పెట్టి, రెప్పలను వాటి చుట్టూ చుట్టండి. పై రెప్ప కనుగుడ్డు మీదికి కాస్త పొడుచుకు రావాలి, దాని నీడ కంటి మీద పడాలి. నల్లగుడ్డు స్థానంలో చిన్న గుంట తవ్వి, పక్కన ఒక చుక్కంత మెట్ట వదలండి. రంగు వెయ్యకముందే చూపు వచ్చేస్తుంది. రాతి శిల్పులకు ఇది పాత విద్య.

వీలైతే శ్రీముఖలింగం గుడికి వెళ్లండి, ఏటవాలు ఎండ పడే ఉదయమో సాయంత్రమో. ద్వారాల చుట్టూ ఉన్న చెక్కడం ఎంత లోతుకు వెళ్లిందో చూడండి. ఆ రాతిలో నీడే నలుపు. మన బస్టుకూ అదే సూత్రం. పెదవి కింద గాడి, రెప్ప మడత, ముక్కు రంధ్రం, ఇవన్నీ మీకు సరిపోయిందనిపించిన లోతు కంటే ఇంకా లోపలికి వెళ్లాలి. రంగుకు ముందు వేసే ప్రైమరు ఒక పొర, రంగు రెండు మూడు పొరలు పడ్డాక సగం గీతలు పూడిపోతాయి.

ఇప్పుడు చర్మం, మీరంతా ఎదురుచూసే భాగం. ముడత కండరం లాగే దిశకు అడ్డంగా పడుతుంది. మీ నుదురు ఎగరేసి చూడండి, కండరం పైకి లాగితే గీతలు అడ్డంగా వచ్చాయి. మన జీవి గొంతు సంచి కింది దవడ నుంచి ఛాతీకి వేలాడుతోంది, ఖాళీగా ఉంది. కాబట్టి పొడవైన మడతలు దవడ నుంచి కిందికి దిగి, ఛాతీ దగ్గర కలుసుకోవాలి. డ్రా షార్ప్ బ్రష్‌తో గాడి, దాని పక్కన ఇన్‌ఫ్లేట్ బ్రష్‌తో ఉబ్బు. పొలుసులు అంతటా పరచకండి. చర్మం సాగే చోట, అంటే గొంతులో, పెదవి మూలలో నునుపు. ఎముక దగ్గరగా ఉన్న చోట, నుదుటి మీద, గరుకు. కంటికి విశ్రాంతి ఉంటేనే వివరం కనిపిస్తుంది. నేను 0.3 మిల్లీమీటరు కంటే సన్నని గీత పెట్టను. ప్రింటర్ పొర మందం మామూలుగా 0.05 మిల్లీమీటరు, యంత్రం 0.3 కన్నా సన్నని గీతనైనా తేగలదు, రంగు దాన్ని మిగలనివ్వదు. ఈ దశలో సిమెట్రీ ఆపి, ఒక వైపు పెదవిని కొంచెం దించండి, ఒక మచ్చ పెట్టండి.

పళ్లూ మీసాలూ. వాలుగ పళ్లంత సన్నగా చేస్తే ముట్టుకోగానే అప్పడంలా విరుగుతాయి. వరుసను ఒకే గట్టులా చేసి, దాని మీద పళ్ల మొనలను మాత్రం చెక్కండి, మొదళ్లు అతుక్కునే ఉండాలి. వాలుగకు ఉన్నట్టే మన జీవికి పెట్టే మీసాలు మొదలు దగ్గర 2 మిల్లీమీటర్ల మందానికి తగ్గకూడదు. మొనను గాలిలో వదలకుండా వంచి బుగ్గకో భుజానికో ఆనించండి. వేరుగా ప్రింటు చేసి అతికిస్తే ఇంకా మంచిది. గుచ్చే మేకుకూ రంధ్రానికీ మధ్య 0.2 మిల్లీమీటరు ఖాళీ ఉంచండి.

ప్రింటు సంగతి త్వరగా చెబుతాను. లోపల డొల్ల చెయ్యండి, గోడ మందం 2.5 మిల్లీమీటర్లు. అడుగున 4 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, ఒకటి గాలికి, ఒకటి రెసిన్ కారడానికి. లోపల పచ్చి రెసిన్ మిగిలిపోతే కొన్నాళ్లకు బొమ్మ దానంతటదే పగులుతుంది, అప్పటికి అది కొన్నవాళ్ల ఇంట్లో ఉంటుంది. త్రీడీ ప్రింట్ టూల్‌బాక్స్‌తో తెరిచి ఉన్న అంచులు వెతికి మూసి, డెసిమేట్‌తో ఫైలు బరువు తగ్గించి, ప్రింటింగ్‌కు వాడే ఎస్‌టీఎల్ ఫైలుగా తీయండి. స్లైసర్‌లో, అంటే బొమ్మను ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మను ముఖం పైకి వచ్చేలా 30 డిగ్రీలు వెనక్కి వాల్చండి. ప్రింటయ్యేటప్పుడు బొమ్మను మోసే సన్నని కాడల, అంటే సపోర్టుల, గుర్తులు వీపు మీద పడతాయి, ముఖం శుభ్రంగా ఉంటుంది.

చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి, కిటికీలు తెరిచి ఉండాలి. పచ్చి రెసిన్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలడం కష్టం. ప్రింటయిన బొమ్మను కడిగిన ఆల్కహాల్‌ను కాలువలో పొయ్యవద్దు. మూత ఉన్న గాజు సీసాలో పోసి, పిల్లలకు అందని చోట ఎండ తగిలేలా పెట్టండి. రెసిన్ గట్టిపడి అడుగున పేరుకుంటుంది. పైన తేరిన ద్రవాన్ని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. కడిగి ఆరబెట్టిన బొమ్మను కూడా ఎండలోనే గట్టిపరచవచ్చు, కానీ పొద్దున్న పెట్టి సాయంత్రం దాకా మరిచిపోకండి. ఎక్కువైతే పెళుసెక్కుతుంది, ముందు పోయేది మీసాలే.

బూడిద రంగు ప్రైమరు ఒక పొర కొట్టి టేబుల్ లైటు కింద పెట్టండి. కనిపించని గాడి ఏదైనా ఉంటే ఫైలులోకి తిరిగి వెళ్లి దాన్ని లోతు చెయ్యండి, రంగుతో కప్పిపుచ్చాలని చూడకండి. రంగుల పని వచ్చే వీడియోలో.