సోమశిలలో రెండు రోజులు ఆరు రోజులైన కథ

నమస్కారం. ఇప్పుడు మీరు తెరపై చూస్తున్నది నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ మండలంలోని సోమశిల. ఎదురుగా ఉన్న నీరంతా శ్రీశైలం ప్రాజెక్టు వెనుక జలాలు, దూరంగా మబ్బుల్లో కలిసిపోతున్నవి నల్లమల కొండలు. మొన్నటి వానాకాలంలో మా అమ్మను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ నుంచి ఇక్కడికి వచ్చాను. ఒడ్డున కాటేజీలో రెండు రాత్రులు ఉండి, లలితా సోమేశ్వరుని దర్శనం చేసుకుని తిరిగి వెళ్లాలని అనుకున్నాం. రెండో రోజు సాయంత్రం పట్టిన ముసురు ఎంతకీ విడవలేదు. దారిలో ఒక వాగు కల్వర్టు మీదుగా పారుతోందనీ, బస్సులు నిలిపివేశారనీ కబురు వచ్చింది. గాలి ఎక్కువగా ఉండటంతో పడవలను కూడా ఒడ్డునే కట్టేశారు. 2007లో ఈ నీళ్లలోనే పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం తెలిసిన ఊరు కాబట్టి, గాలి లేచినప్పుడు ఇక్కడ ఎవరినీ పడవ తీయమని అడగకూడదు.

చూడవలసినవన్నీ చూసేశాం కాబట్టి, మూడో రోజు ఉదయం నేను పుష్కర ఘాట్ మెట్లు లెక్కపెట్టాను. నీటికి పైన ఇరవై ఒక్క మెట్లు ఉన్నాయి. చీకటి పడే వేళకు పద్దెనిమిది మిగిలాయి. మన ముందు కురిసే వానకు ఇంత నీరు రాదు. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ గేట్లు ఎత్తితే జూరాల మీదుగా కృష్ణ, సుంకేశుల మీదుగా తుంగభద్ర వచ్చి ఈ జలాశయాన్ని నింపుతాయి. దీని పూర్తి మట్టం 885 అడుగులు. నీరు అటువైపు ఎక్కుతున్న కొద్దీ ఆవలి ఒడ్డునున్న సంగమేశ్వరాలయం మునిగిపోతుంది. ఎండాకాలం దగ్గరపడితే తప్ప దాని శిఖరం మళ్లీ బయటపడదు.

కాటేజీలో మాకు వండిపెట్టిన పెద్దాయనతో అమ్మకు ఈలోగా మంచి మాటలు కుదిరాయి. వంటింటి గుమ్మంలో కూర్చుని ఆయన బొచ్చె చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే, మీది ఏ ఊరన్నా అని అమ్మ అడిగింది. ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి నీళ్ల వైపు చూపించాడు. "ఆ గుట్ట కింద ఉండె చెల్లె, మా ఊరు. ఇప్పుడు వల ఏసే కాడ్నే మా ఇల్లు."

1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ముంపునకు గురయ్యాయి. 1981లో ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు ఈయన వయసు పద్నాలుగేళ్లు. ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలంటూ 1986లో వచ్చిన 98 జీవో గురించి కొల్లాపూర్ ప్రాంతంలో ఎవరిని కదిపినా చెబుతారు. ఆ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే వయసు మళ్లినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. మేము దర్శనం చేసుకున్న గుడి కూడా తన మొదటి చోటున లేదు. ముంపులో పోకుండా దానిని విప్పి, రాయి వెంట రాయి తెచ్చి, ఎత్తైన చోట మళ్లీ కట్టారు.

అయిదో రోజు వాన కాస్త తెరిపివ్వగా పెద్దాయన మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆ ఇంటి గడప మాత్రం పాత ఊరిది. వాళ్ల నాయన గోడలను వదిలేసి దూలాలు, ద్వారబంధం, గడప ఊడదీసి ఎడ్లబండిపై తెచ్చాడట. కొత్త ద్వారం ఇరుకు కావడంతో గడపను ఒక చివర జానెడు కోయవలసి వచ్చింది. అందుకే దానిపై చెక్కిన తామరపువ్వుల్లో చివరిది సగమే ఉంది. ఆ సగం పువ్వుకు కూడా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. అమ్మ దానిని చేత్తో తాకి, కళ్లకద్దుకుని లోపలికి వెళ్లింది.

సోమశిల గురించి మాట్లాడే వాళ్లమందరమూ ప్రశాంతత అనే మాట వాడుతున్నాం. ఆ మాట అబద్ధమని నేను అనను. ఆరు రోజులూ నేను హాయిగా నిద్రపోయాను. కానీ మునిగిన ఊళ్ల పేర్లు చెక్కిన రాయి ఒక్కటీ నేను తిరిగిన ఒడ్డున కనిపించలేదు. పడవ ఎక్కే చోట అలాంటి రాయి ఉండాలని, తాము ఏ ఊరి మీదుగా వెళ్తున్నారో వచ్చినవారికి తెలియాలని నా కోరిక. ఈ మాట చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను.

ఆరో రోజు దారి తెరిచారు. బయలుదేరే ముందు ఘాట్‌కు వెళ్లి చూస్తే నాలుగే మెట్లు పైన ఉన్నాయి. పెద్దాయన సంచి బస్సు దాకా మోసుకొచ్చి అమ్మతో అన్నాడు: "ఎండకాలం రాండ్రి చెల్లె. నీళ్లు గుంజితే మా మోటబాయి రాళ్లు కనవడ్తయి, సూపిస్త." వస్తామని అమ్మ మాట ఇచ్చింది.