చేతి కదలికే మౌస్ అయితే

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న మీతో ఈరోజు ఒక ఆటవస్తువు గురించి మాట్లాడతాను. 2006లో వచ్చిన నింటెండో వీ అనే వీడియోగేమ్ యంత్రపు రిమోట్. లోపల త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్, ముందు కొసన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చూసే కెమెరా, కంప్యూటర్‌కు కలపడానికి బ్లూటూత్ ఉంటాయి. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బారే కదలికను కనిపెడుతుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు మాత్రమే. చూసేది రిమోటే.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న జానీ చంగ్ లీ 2007లో దీన్ని తిరగేశారు. రిమోట్‌ను ఒకచోట బిగించి, కొసన ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఉన్న పెన్నును చేతికిచ్చారు. ప్రొజెక్టర్ బొమ్మ పడే గోడ మీద పెన్ను ఎక్కడ వెలిగితే అక్కడ క్లిక్. సుమారు 50 డాలర్ల సామానుతో ఇంటరాక్టివ్ బోర్డు తయారైంది. ప్రోగ్రామును అందరికీ ఉచితంగా ఇచ్చారు. మన స్కూళ్లలో పెట్టాలంటే ముందు కిటికీలు మూయాలి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, మన ఎండ నేరుగా పడితే కెమెరాకు పెన్ను చుక్క దొరకదు.

నా ధ్యాసంతా ఇంకోచోట ఉంది. పక్షవాతంతో వేళ్ల పట్టు పోయినవాళ్లు, చేతులు వణికేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మౌస్ జరిపి, కదలకుండా క్లిక్ చెయ్యడం వాళ్లకు నిజంగా కష్టం. మణికట్టు కాస్త వంచగలిగినా, రిమోట్‌ను పట్టీతో చేతికి కట్టి పాయింటర్‌ను నడిపించవచ్చు.

ఎలాగంటే, చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు యాక్సెలరోమీటర్‌కు అందేది భూమ్యాకర్షణ ఒక్కటే. అందుకే వంపు తెలుస్తుంది. చేతిని అడ్డంగా ఎడమకో కుడికో తిప్పితే మాత్రం తెలియదు, ఆకర్షణ దిశ మారదు కదా! అందుకు తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ కావాలి. 2009లో మోషన్ ప్లస్ పేరుతో దాన్ని జోడించారు. కానీ గైరోలో చిన్నచిన్న తప్పులు పోగవుతాయి, చెయ్యి కదలకున్నా పాయింటర్ పక్కకు జారిపోతుంది. వంపు విషయంలో ఆ జారుడును యాక్సెలరోమీటర్ సరిదిద్దుతుంది. పక్కకు తిరిగినప్పుడు మళ్లీ సెన్సర్ బార్‌లోని ఎల్‌ఈడీ చుక్కలే దిక్కు.

వణుకు తగ్గాలంటే వరుస రీడింగుల సగటు తీయాలి. మరీ ఎక్కువ రీడింగుల సగటు తీస్తే పాయింటర్ చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు ఎక్కువ, వేగంగా కదిలేటప్పుడు తక్కువ రీడింగుల సగటు తీసేలా ప్రోగ్రాము రాయండి. ఎంతన్నది వాడే మనిషి పక్కన కూర్చుని తేల్చుకోవాల్సిందే, ల్యాబులో మీ చేత్తో తేలదు. బటన్ నొక్కలేనివాళ్లకు పాయింటర్ ఒకచోట కాసేపు ఆగితే క్లిక్ పడేలా పెట్టండి.

ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, 2011లో వచ్చిన 3.1 కెర్నెల్ (దాని మూల భాగం) నుంచీ ఈ రిమోట్‌ను నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవర్ ఉంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. ఒకటి మాత్రం మొదటిరోజే పెట్టండి: పాయింటర్‌ను ఆపేసే స్విచ్. చెయ్యి గాల్లో పెట్టి పనిచేస్తే భుజం త్వరగా లాగేస్తుంది. ముంజేయి కుర్చీ చేతి మీద ఆనించి, అలసినప్పుడు పాయింటర్‌ను ఆపుకుని, మళ్లీ మొదలుపెట్టే వీలు ఆ మనిషికే ఉండాలి. చేత్తో స్విచ్ నొక్కడం కష్టమైతే కాలి కింద పెట్టండి.