సంతకం పెట్టాక చెక్ చేసేదెవరు?

అందరికీ నమస్కారమండి. ప్రమాదకరమైన ఆయుధాలు వ్యాపించకుండా ఆపడం అనగానే మనకి ఒప్పందాలు, సంతకాలు, నాయకుల ఫొటోలు గుర్తొస్తాయి కదా, కానీ దీని మీద రీసెర్చ్ చేసేవాళ్ళని తొలిచే ప్రశ్న వేరు. సంతకం పెట్టిన దేశం మాట మీద ఉందో లేదో బయటివాళ్ళకి తెలిసేదెలా?

స్వెర్డ్‌లోవ్‌స్క్ సంగతి చెప్తా వినండి. 1979 ఏప్రిల్‌లో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆ ఊళ్ళో ఆంత్రాక్స్ వచ్చి కనీసం 66 మంది చనిపోయారు. జబ్బు పశువుల మాంసం తిన్నారు, అందుకే అంది ప్రభుత్వం, ఆస్పత్రి రికార్డులు కేజీబీ (సోవియట్ రహస్య పోలీసు సంస్థ) పట్టుకెళ్ళిపోయింది. కానీ ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బర్గ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు పోస్ట్‌మార్టమ్ శాంపిల్స్, నోట్స్ దాచిపెట్టారు, ఆ రోజుల్లో దానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. వాటిని చూస్తే జబ్బు తిండితో కాదు, పీల్చిన గాలితో వచ్చిందని తేలింది. 1992లో హార్వర్డ్ నుంచి మాథ్యూ మెసెల్సన్ టీమ్ అక్కడికి వెళ్ళింది, అందులో జీన్ గిల్లెమిన్ అనే ఆంత్రోపాలజిస్టు చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మీవాళ్ళు అప్పట్లో పగలు ఎక్కడ పనిచేసేవాళ్ళు అని ఓపిగ్గా అడిగారు. అవన్నీ మ్యాప్ మీద పెడితే ఎక్కువమంది ఆ ఊళ్ళోనే ఉన్న ఒక మిలిటరీ ల్యాబ్ నుంచి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్లు సాగిన సన్నటి పట్టీలోనే ఉన్నారు, అదే వరసలో ఇంకా అవతల ఊళ్ళల్లో పశువులు చచ్చాయి, ఏప్రిల్ 2న గాలి కూడా అటే వీచిందని వాతావరణ రికార్డుల్లో ఉంది. ఆంత్రాక్స్ ఆ ల్యాబ్ నుంచే గాల్లోకి లీకైందని చెప్తూ 1994లో పేపర్ వచ్చింది. రీసెర్చ్ అంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

బాధేంటంటే, సోవియట్ యూనియన్ అప్పటికే 1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధాల నిషేధ ఒప్పందంలో ఉంది. అందులో తనిఖీ ఏర్పాటు లేదు, ఇప్పటికీ లేదు. రసాయన ఆయుధాలకి మాత్రం తనిఖీ చేయడానికి 1997 నుంచి హేగ్‌లో ఒక సంస్థ ఉంది. అణ్వాయుధాల విషయంలో ఇరాక్ పాఠం నేర్పింది, ఇన్‌స్పెక్టర్లు ఆ దేశం చూపించిన చోట్లే చూసి వచ్చేవాళ్ళు, 1991 యుద్ధం తర్వాతే రహస్య ప్రోగ్రామ్ ఎంత పెద్దదో బయటపడింది. అందుకే 1997లో అదనపు ప్రోటోకాల్ వచ్చింది, అంటే దేశం చూపించని చోట్లు కూడా ఇన్‌స్పెక్టర్లు చూడటానికి వీలిచ్చే ఒప్పందం, ఇప్పుడు గోడల్నీ మెషిన్లనీ గుడ్డతో తుడిచి ఆ దుమ్ములో యురేనియం ఉందేమో ల్యాబ్‌లో వెతుకుతారు.

జీవాయుధాల్లో ఇది నిజంగానే కష్టం, వ్యాక్సిన్ చేసే ట్యాంకులోనే ప్రాణాంతక సూక్ష్మజీవినీ పెంచొచ్చు, కంపెనీలకేమో తమ ఫార్ములాలు బయటపడతాయని భయం. తనిఖీ ప్రోటోకాల్ మీద ఏళ్ళ తరబడి చర్చలు జరిగాక 2001లో అమెరికా వద్దంది, అక్కడితో అది ఆగిపోయింది. అది పెద్ద తప్పని నా అభిప్రాయం. 2022 చివర్లో సభ్యదేశాలు తనిఖీ లాంటి విషయాల మీద మళ్ళీ ఒక వర్కింగ్ గ్రూప్ పెట్టుకున్నాయి. ఇక్కడ బయాలజీ చదివేవాళ్ళు ఉంటే నేను అడిగేది ఒకటే, కంపెనీ రహస్యం బయటపెట్టకుండా ఒక ల్యాబ్‌ని నమ్మొచ్చో లేదో తేల్చే పద్ధతి ఏదైనా ఉంటుందా అన్నదాని మీద పనిచేయండి, ఆ గ్రూప్‌కి ఇప్పుడు కావాల్సింది అదే.