యూరోవిజన్ విజేతను ముందే అంచనా వేయడం ఎలా?

[తెర మీద: ల్యాప్‌టాప్‌లో స్టేజీ లైట్లు. మూలన "నెల్లూరు, అర్ధరాత్రి 12:30" అనే అక్షరాలు]

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఏటా మే నెలలో ఒక శనివారం, మన టైము ప్రకారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి, యూరప్‌లో ఓ పెద్ద పాటల పోటీ ఫైనల్ మొదలవుతుంది. దాని పేరు యూరోవిజన్. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. ఇప్పుడైతే దేశానికి ఒక పాట. పాట మూడు నిమిషాలు దాటకూడదు. ఫలితం తేలేసరికి మనకి తెల్లవారుజామున నాలుగు దాటుతుంది.

ఎవరు గెలుస్తారు అనగానే అందరూ "ఏ పాట బాగుంది?" అని వెతుకుతారు. నన్నడిగితే ముందు మార్కుల లెక్క చూడాలి. ఆ లెక్క తెలిస్తే సగం పాటలను మొదటి రోజే పక్కన పెట్టేయొచ్చు.

[తెర మీద: 12, 10, 8, 7, 6, 5, 4, 3, 2, 1]

2010లో ఇండియన్ ఐడల్ గుర్తుందా? అప్పటి ప్రకాశం జిల్లా అద్దంకిలో పుట్టిన శ్రీరామచంద్ర గెలిచారు. అక్కడ ఎస్సెమ్మెస్‌లు ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే విజేత. ఒక ప్రాంతం మొత్తం కదిలి ఓట్లు గుద్దితే ఫలితం మారిపోతుంది. యూరోవిజన్‌లో అలా కుదరదు. ప్రతి దేశం తనకి నచ్చిన పది పాటలకి మాత్రమే మార్కులు ఇస్తుంది. మొదటిదానికి 12, రెండోదానికి 10, మూడోదానికి 8, అక్కడి నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ 1 దాకా. ఎనిమిది కోట్ల జనాభా ఉన్న జర్మనీ ఇచ్చేదీ గరిష్ఠంగా 12, మన నెల్లూరు నగరమంత జనాభా ఉన్న మాల్టా ఇచ్చేదీ 12. పైగా సొంత దేశానికి ఓటు వేసుకోకూడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పది దేశాలు అనుకోండి. ఒక పాటకి నాలుగు దేశాల్లో 12 చొప్పున వచ్చాయి, మిగతా ఆరు దేశాల్లో సున్నా. మొత్తం 48. ఇంకో పాట ఏ దేశంలోనూ మొదటి స్థానంలో లేదు, కానీ పదింటిలోనూ నాలుగో స్థానం, అంటే 7 చొప్పున 70. రెండోదే గెలిచింది. చేపల పులుసుకి ప్రాణం పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా, బంతిలో అందరి ఆకుల్లోనూ ఖాళీ అయ్యేది మామిడికాయ పప్పే కదా. అలాంటి పాటను వెతకాలి.

[తెర మీద: రెండు నిలువు పట్టీలు, "జ్యూరీ" ఒకటి, "ప్రేక్షకులు" ఒకటి]

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రతి దేశం ఈ మార్కులను రెండుసార్లు ఇస్తుంది. ఒకసారి సంగీతం తెలిసిన జ్యూరీ, ఇంకోసారి ఇంట్లో కూర్చుని చూసే జనం. 2016 నుంచి ఈ రెండింటినీ విడివిడిగా లెక్కేసి కలుపుతున్నారు.

జ్యూరీ ఏం వింటుందో నెల్లూరు వాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. మన బాలుగారు "పాడుతా తీయగా"లో శ్రుతి ఎక్కడ జారిందో, మాట ఎక్కడ సరిగ్గా పలకలేదో చెబుతుంటే విన్నవాళ్ళమే. ఇంట్లో మనకి బ్రహ్మాండంగా అనిపించిన పాటలో కూడా ఆయనకి ఏదో ఒకటి దొరికేది. యూరోవిజన్ జ్యూరీ కూడా గొంతు, బాణీ, కొత్తదనం, స్టేజీ మీద ప్రదర్శన చూసి మార్కులు వేస్తుంది. చాలామందికి తెలియనిది ఒకటుంది. జ్యూరీ మార్కులు వేసేది ఫైనల్ చూసి కాదు, ముందు రోజు రాత్రి జరిగే రిహార్సల్ చూసి. అందుకే శనివారం ఎవరైనా తడబడితే పోయేది జనం ఓట్లే. శుక్రవారం తడబడితే జ్యూరీ మార్కులు పోతాయి, మనకి ఆ సంగతే తెలియదు.

2016నే చూడండి. జ్యూరీలో ఆస్ట్రేలియా (యూరప్ బయటిదైనా పోటీలో ఉంది) మొదటిది, జనం ఓట్లలో రష్యా మొదటిది. గెలిచింది ఉక్రెయిన్ గాయని జమాలా, 534 మార్కులతో. రెండు చోట్లా ఆమెది రెండో స్థానమే! 2019లో నెదర్లాండ్స్ కూడా ఏ వైపూ మొదటి స్థానం లేకుండానే గెలిచింది. నాకు ఈ పోటీ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇలాంటి ఫలితాలే.

ఒక వైపు బలంతోనూ గెలవచ్చు, కానీ ఆ బలం మామూలుగా ఉండకూడదు. 2022లో యుద్ధం మధ్యలో ఉన్న ఉక్రెయిన్‌కి జనం 439 మార్కులిచ్చారు. జ్యూరీలో నాలుగో స్థానమైనా ఎవరూ అందుకోలేకపోయారు. 2024లో స్విట్జర్లాండ్ నెమో, 2025లో ఆస్ట్రియా జేజే జ్యూరీ బలంతో గట్టెక్కారు.

"పొరుగు దేశాలు ఒకరికొకరు వేసుకుంటారు, అంతా రాజకీయం" అనే మాట ఎప్పుడూ వినిపిస్తుంది. గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి 12 ఇచ్చుకోవడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే అంచనా తప్పుతుంది. 2016 నుంచి 2025 దాకా విజేతల్లో అతి తక్కువ మొత్తం 436. నాలుగు పొరుగు దేశాలు మనసారా ఇచ్చినా అందులో ఎంత వస్తుంది?

ఇక బెట్టింగ్ రేట్లు. పందెం కాయమని చెప్పడం లేదు, దాని జోలికి పోవద్దు. ఆ రేట్లను సమాచారంగా మాత్రం వాడుకోవచ్చు. రూపాయి పెడితే దానితో కలిపి నాలుగు రూపాయలు ఇస్తామంటే, ఆ పాట గెలిచే అవకాశం నాలుగో వంతు, అంటే 25 శాతం అని వాళ్ళ లెక్క. అన్ని పాటల శాతాలూ కలిపితే వంద దాటుతుంది. ఆ పైది వాళ్ళ లాభం, తీసేసి చూడాలి. రిహార్సల్స్ వారం మొదలయ్యాక ఈ రేట్లు ఎటు కదులుతున్నాయో గమనించండి. అయినా పూర్తిగా నమ్మకండి. 2025లో అందరికంటే ముందున్న స్వీడన్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

[తెర మీద: 2023 జ్యూరీ మార్కులు. స్వీడన్ 340, ఫిన్లాండ్ 150]

చివరి గంటలో మాత్రం పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. జ్యూరీ మార్కులన్నీ అయ్యాక, జ్యూరీ జాబితాలో అట్టడుగున ఉన్న దేశం నుంచి పైకి జనం ఓట్లు ప్రకటిస్తారు. జ్యూరీలో మొదటి స్థానంలో ఉన్న దేశం వంతు ఆఖరున వస్తుంది. అప్పటిదాకా ముందున్నవాళ్ళ మొత్తంలోంచి ఆ దేశం జ్యూరీ మార్కులు తీసేసి, ఒకటి కలిపితే ఎంత కావాలో తెలిసిపోతుంది. 2023లో ఫిన్లాండ్ గాయకుడు కారియాకి జనం 376 ఇచ్చారు, మొత్తం 526కి చేరాడు. నాకూ అతని పాటే ఇష్టం. కానీ స్వీడన్ గాయని లొరీన్‌కి జ్యూరీలోనే 340 ఉన్నాయి. ఆమెకి కావలసింది ఇంకో 187. జనం ఓట్లలోనూ బలమున్న ఆమె పాటకి 187 రాకపోవడం కష్టం. వచ్చినవి 243.