తోమాని గదిలోంచి ఎవరూ పంపేయలేదు

అందరికీ వందనాలండి. నా వెనకాల కనిపిస్తున్నది చెన్నైలోని పరంగిమల. మీనంబాక్కం విమానాశ్రయం పక్కనే కాబట్టి మధ్యమధ్యలో విమానం మోత వినిపిస్తుంది, కాస్త సర్దుకోండి.

యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన అపొస్తలుడు తోమా క్రీ.శ. 72లో ఈ కొండ మీదే హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని సంప్రదాయం. పైనున్న గుడి పోర్చుగీసువాళ్ళు కట్టింది. 1547లో ఇక్కడ తవ్వుతుంటే పహ్లవీ అనే పాత పారశీక లిపి అక్షరాలు చెక్కిన రాతి సిలువ దొరికింది, ఇప్పటికీ బలిపీఠం దగ్గర చూడొచ్చు. మరి తోమా నిజంగా మద్రాసు దాకా వచ్చాడా? చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. ఆయన మన దేశానికి వచ్చాడని చెప్పే 'తోమా కార్యములు' అనే గ్రంథం మూడో శతాబ్దం నాటిది. అందులో కనిపించే గొండోఫర్నీస్ రాజు ఏలిందేమో ఇక్కడికి చాలా దూరంలో, వాయవ్యాన తక్షశిల వైపు. ఇక్కడ నిలబడి ఈ ప్రశ్న అడిగినంతమాత్రాన కొండ విరిగి మీద పడదు. తోమా అయితే అసలు నొచ్చుకోడు.

మన సంఘాల్లో మాత్రం నొచ్చుకుంటారు. ఓఎమ్మార్‌లో, అంటే చెన్నై ఐటీ కంపెనీల రోడ్డులో, ఉద్యోగం చేసుకునే అమ్మాయి అనుకోండి. అమ్మకి క్యాన్సర్. సంఘమంతా మోకాళ్ళ మీద ప్రార్థించింది. అమ్మ చనిపోయింది. "దేవుడు విన్నాడంటారా?" అని ఆ అమ్మాయి అడిగితే మన దగ్గర జవాబులు రెడీగా ఉంటాయి. విశ్వాసం చాల్లేదమ్మా. ఉపవాసముండి ప్రార్థించు. అది సాతాను శోధన, అలాంటి ఆలోచన రానివ్వకు. రెండోసారి ఆ పిల్ల అడగదు. కొన్నాళ్ళకి రావడం మానేస్తుంది. అప్పుడు మనం "లోకంలో పడిపోయింది" అంటాం. తోసిందెవరో మాత్రం మాట్లాడుకోం.

ఇప్పుడు యోహాను 20 తెరవండి. సిలువ మీద చనిపోయిన యేసు తిరిగి లేచాడని మిగతా శిష్యులు చెబితే, తోమా ఆయన గాయాలు చూస్తేగానీ నమ్మనన్నాడు, అందుకే ఇన్ని వందల ఏళ్ళుగా తోమా పేరుకి ముందు సందేహం తగిలించి పిలుస్తున్నాం. కానీ ఇరవయ్యో వచనం చూడండి, యేసు మిగతావాళ్ళకి అప్పటికే చేతులూ పక్కా చూపించేశాడు. తోమా అడిగింది వాళ్ళకి దొరికినదే, ఎక్కువేం అడగలేదు. పైగా లూకా 24 ప్రకారం, సమాధి దగ్గర్నుంచి వచ్చిన స్త్రీలు చెప్పినవి ఈ అపొస్తలులకే వెఱ్ఱిమాటలుగా కనబడ్డాయి. వాళ్ళెవరికీ ఆ బిరుదు రాలేదు!

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఇరవై ఆరో వచనం. ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు మళ్ళీ లోపల ఉన్నారు, "తోమా వారితో కూడ ఉండెను." ఆ ఎనిమిది రోజులూ ఆయన నమ్మలేదండి. అయినా వాళ్ళ మధ్యే ఉన్నాడు. పదిమంది ఒకటి చెబుతుంటే ఒక్కడు ఒప్పుకోలేదు, పైగా తలుపులు మూసుకుని భయంతో బతుకుతున్న రోజులు. బయటికి పంపేయడానికి అంతకన్నా మంచి సాకు ఏముంటుంది? పంపలేదు. ఉండనిచ్చారు కాబట్టే యేసు వచ్చినప్పుడు తోమా అక్కడున్నాడు. "నా ప్రభువా, నా దేవా" అన్న మాట ఆ నోటినుంచే వచ్చింది.

బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, సంగతేంటి అంటారని తెలుసు. సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు అని ఉంది, నిజమే. దానికి ముందు వచనం కూడా చదవండి. జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమంటుంది, ఆయన ఎవరినీ గద్దింపక ఇస్తాడంటుంది. గద్దింపు డ్యూటీ మనకెవరిచ్చారో మరి. యూదా పత్రికలో ఇంకా సూటిగా, సందేహపడువారిమీద కనికరము చూపుడి అని ఉంది. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోవువాడవు నీవేనా", అంటే మేం ఎదురుచూస్తున్న క్రీస్తువి నువ్వేనా అని కబురు పంపితే యేసు ఆయన్ని తిట్టలేదు, జనం ముందు పొగిడాడు.

అయితే సందేహాన్ని కిరీటంలా పెట్టుకు తిరగడం కూడా నాకు నచ్చదు. జవాబు అక్కర్లేకుండా, పాస్టర్‌గారిని ఇరికించడానికి అడిగే ప్రశ్నలుంటాయి. వాటి సంగతి వేరు. రాత్రి నిద్రపట్టక అడిగేవాళ్ళ గురించి నేను చెప్పేది.

పాస్టర్‌గార్లకి ఒక మనవి. కీబోర్డ్ వాయించే కుర్రాడు వచ్చి "అయ్యగారూ, ఈ మధ్య ప్రార్థన చేయలేకపోతున్నాను" అంటే, వచ్చే ఆదివారం నుంచి వేరేవాళ్ళని కూర్చోబెట్టకండి. సండే స్కూల్లో పాఠం చెప్పడం కొన్నాళ్ళు ఆపమంటే అర్థముంది, వాడే ఊపిరి పీల్చుకుంటాడు. కీబోర్డ్ మాత్రం వాడి దగ్గరే ఉండనివ్వండి. ఆరాధన అయ్యాక ఒక టీ ఇప్పించి, ఏం జరిగిందో అడగండి. మధ్యలో వాక్యం ఎత్తకుండా పూర్తిగా వినండి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి.