పావురం పొదిగే 18 రోజులు

నమస్కారం. మేడ మీద రెండు మూడు జతల పావురాలు పెంచుకునే వాళ్లకి చెప్పక్కర్లేదు, గూట్లో గుడ్డు కనబడిందంటే మనకి కాలు ఒకచోట నిలవదు, గంటకోసారి వెళ్లి తొంగి చూడాలనిపిస్తుంది. నేనూ అలా తొంగి చూసి గుడ్డు పోగొట్టుకున్నవాణ్ణే.

మామూలుగా పావురం పెట్టేది రెండు గుడ్లు. మొదటిది సాయంత్రం పెడితే, రెండోది ఒక రోజు ఆగి, ఆ మర్నాడు మధ్యాహ్నానికి వస్తుంది. ఈ మధ్యలో పెట్ట సరిగా కూర్చోదు, గుడ్డు మీద ఊరికే నిలబడి కాపలా కాస్తున్నట్టుంటుంది. అయ్యో, వదిలేసిందే అని కంగారు పడకండి. రెండో గుడ్డు వచ్చాకే అసలు పొదుగు మొదలు, అందుకే పిల్లలు రెండూ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. అక్కణ్ణుంచి లెక్క 17, 18 రోజులు.

డ్యూటీలు కూడా పంచుకుంటాయండీ. పొద్దున కాస్త ఎండెక్కాక పోతు వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం నాలుగైదింటికి పెట్ట వచ్చి తెల్లారేదాకా కదలదు. కాబట్టి మేత పొద్దున్నే ఒకసారి, డ్యూటీ మారే వేళకి ఒకసారి వేస్తే రెండింటికీ అందుతుంది. జొన్నలు, సజ్జలు, గోధుమలతో పాటు పెసలో బఠానీలో కలపండి. ఆల్చిప్పల పొడి ఒక మూల పెట్టండి, గుడ్డు పెట్టిన పెట్టకి సున్నం కావాలి. వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోస్తే స్నానం చేసి తడి ఈకలతో వచ్చి కూర్చుంటాయి, ఆ చెమ్మ గుడ్డుకి మంచిదే.

గూడంటారా, మట్టి మూకుడు, అందులో ఎండు వేపపుల్లలు చాలు. నున్నటి కాగితం మాత్రం వద్దు, పిల్లలు జారి కాళ్లు పక్కలకి విడిపోతాయి.

ఇక నా సంగతి. ఒక రాత్రి టార్చి వేసుకుని గూట్లోకి చూశాను. పెట్ట బెదిరిపోయి ఎగిరింది, ఆ ఊపులో ఒక గుడ్డు కింద పడి పగిలింది. చీకట్లో వాటికి చూపు ఆనదు, గూటికి తిరిగి రాలేక గోడకి కొట్టుకుని మూల కూర్చుండిపోయింది. తెల్లారి చూస్తే రెండో గుడ్డు కూడా చల్లబడిపోయింది. ఆ రోజు నుంచి రాత్రిపూట అటు వెళ్లనే వెళ్లను.

గుడ్డులో పిల్ల కట్టిందో లేదో చూడాలంటే ఆరో రోజు, పగలు, డ్యూటీ మారేటప్పుడు చూడండి. ఫోన్ లైటు మీద పెడితే సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ లేకపోయినా వెంటనే తీసి పారేయకండి, పారేస్తే పెట్ట పది రోజుల్లోపే మళ్లీ గుడ్లకి వచ్చి నీరసించిపోతుంది. పొదిగి పొదిగి అదే వదిలేస్తుంది.

చివరి రోజుల్లో తల్లికీ తండ్రికీ కూడా గొంతు కింద ఉండే మేతసంచిలో పాలలాంటి గుజ్జు తయారవుతుంది. పిల్లలకి మొదటి నాలుగైదు రోజులూ అదే ఆహారం, మీరు విడిగా పెట్టేదేమీ ఉండదు. పొద్దున్నే గూటి కింద సగం పెంకు పడి కనబడితే పిల్ల వచ్చేసినట్టే. చెయ్యి పెట్టి చూడాలని మహా ఇదిగా ఉంటుంది గానీ, ఆ ఒక్కరోజు ఆగండి.